చెరలో ఉన్నవారి హక్కులు: నాగార్జునుని లేఖ నుండి రాజ్యాంగము దాకా

(రాయపూర్‌లో ధమ్మచక్ర ప్రవర్తన దినోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)

 

నేటి సభలో మాట్లాడవలసినదిగా నిర్వాహకులు మమ్ము కోరినప్పుడు విషయనిర్ణయము మాకే వదలినారు. పండుగనాడు చెరసాలల ప్రస్తావన తగునా యని మాలో కొందరు సంశయించినారు. ఆ సంశయమును తీర్చినవాడు ఆచార్య నాగార్జునుడే. కనుక ఆయనతోనే ఆరంభించుచున్నాము.

మనము కూర్చున్న ఈ నేల ప్రాచీన దక్షిణ కోసలము. ఇక్కడికి సుమారు 80 కిలోమీటర్ల దూరమున మహానది ఒడ్డునగల సిర్‌పూర్‌లో ఆనందప్రభు కుటీ విహారపు శిథిలములను మనలో చాలమంది చూచియే ఉన్నాము. ఏడవ శతాబ్దమున ఈ కోసలమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్, నాగార్జునుడు ఈ దేశముననే నివసించెనని, ఇక్కడి రాజు ఆయనకై కొండపై విహారము కట్టించెనని వ్రాసినాడు. తెలుగువారమైన మనము ఆయనను శ్రీపర్వతమునకు, కృష్ణాతీరమునకు చెందినవానిగా భావింతుము. కోసలము ఆయనను తనవానిగా చెప్పుకొనును. రెండింటిలో ఏదో ఒకదానినే ఎన్నుకొనవలసిన అగత్యము రాయపూర్ తెలుగువారికి లేదు, ఇద్దరమూ మనమే.

ఆ నాగార్జునుడు శాతవాహన రాజునకు వ్రాసినదని సంప్రదాయము చెప్పు ‘రత్నావళి’ యను లేఖాగ్రంథమున రాజనీతిని బోధించు భాగములో ఖైదీల ప్రసక్తి ఉన్నది. బలహీనులైన బందీలను ఒకటి రెండు దినములలోనో, అయిదు దినములలోనో విడిచిపెట్టుమని అందులో రాజునకు చెప్పినాడు. మిగిలినవారిని ఎన్నటికిని విడువరాదని తలపవద్దన్నాడు. విడువనంతకాలము వారిని సుఖముగా ఉంచుమని చెప్పి, అందుకు కావలసినవి కూడ పేర్కొన్నాడు: క్షురకుడు, స్నానము, అన్నము, పానీయము, మందు, వస్త్రము. ఘోరపాపులపైనే విశేషముగా కరుణ చూపవలెనని, శిక్ష యనునది అయోగ్యుడైన కుమారుని యోగ్యునిగా చేయగోరు తండ్రి మనసుతో వేయవలెనే గాని ద్వేషముతోనో ధనాశతోనో కాదని చెప్పినాడు. హంతకులను సైతము చంపక, హింసింపక, దేశమునుండి పంపివేయుమన్నాడు.

శూన్యవాదమును ప్రతిపాదించిన మహాతార్కికుడు ఖైదీకి క్షవరము సంగతి తలచుట మమ్ము చాలసేపు నిలిపివేసినది. మనిషిని మనిషిగా గుర్తించుట ఎక్కడ మొదలగునో ఆయనకు తెలిసినది. రాజు దయగలవాడైన చాలునని ఆయన అనుకొనలేదు. ఏమేమి ఇవ్వవలెనో పేరుపేరున వ్రాసినాడు.

ఆ క్షురకుని మాట పట్టుకొని ఒక్కసారి మన కాలమునకు రండి. ఇటీవలి వరకు మన దేశములోని పలు రాష్ట్రముల జైలు నియమావళులలో ఏ కులమువారు వంట చేయవలెనో, ఏ కులమువారు ఊడ్చవలెనో, ఎవరు క్షవరము చేయవలెనో వ్రాసి ఉన్నది. బయట రాజ్యాంగము నిషేధించిన దానిని లోపల నియమావళి పోషించినది. సుకన్యా శాంత అను పాత్రికేయురాలు ఈ విషయమును పరిశోధించి వ్రాసి, తరువాత తానే సుప్రీంకోర్టుకు వెళ్లినారు. 2024 అక్టోబరు 3న ఆ న్యాయస్థానము ఆ నియమములను కొట్టివేసినది. ఖైదీల రిజిస్టర్లలోని కులపు గడిని తొలగించుమన్నది. నియమావళులను మూడు నెలలలో సవరించుమని రాష్ట్రములను ఆదేశించినది. అంటరానితనమును నిషేధించు 17వ అధికరణము జైలు గోడ లోపల కూడ పనిచేయునని చెప్పుటకు రాజ్యాంగము అమలైన తరువాత 74 సంవత్సరములు పట్టినది. బాబాసాహెబ్ అనుయాయులమైన మనలో ఎందరము అంతకుముందు ఈ సంగతి ఎరుగుదుము? మేము ఎరుగము. ఈ మాట సిగ్గుతోనే చెప్పుచున్నాము.

ఆ తీర్పు వ్రాసినవారు ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్. సరిగ్గా అరువది నెలలు తక్కువ అయిదున్నర దశాబ్దముల క్రిందట, అనగా 1974లో, ఆయన తండ్రి జస్టిస్ వై.వి. చంద్రచూడ్ మన తెలుగు నేలకు సంబంధించిన ఒక ఖైదీల కేసులో తీర్పు వ్రాసినారు. విశాఖపట్నం సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు, జైలు ప్రహరీగోడపై విద్యుత్తు ప్రవహించు తీగలను అమర్చుట తమ ప్రాణహక్కునకు భంగమని సుప్రీంకోర్టుకు వెళ్లినారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసు అని దానికి పేరు. ఖైదీలు ఓడిపోయినారు, తీగలు తీయవలెనని కోర్టు అనలేదు. కాని శిక్షపడినంత మాత్రమున మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటిని కోల్పోడని ఆ తీర్పు స్పష్టముగా చెప్పినది. వారు ఓడిన కేసులోని ఆ సూత్రము తరువాత వేలమంది ఖైదీలకు ఆధారమైనది. 1978లో సునీల్ బాత్రా కేసులో ఒంటరి కొట్టును, ఇనుప సంకెళ్లను గూర్చి జస్టిస్ కృష్ణయ్యర్ వ్రాసిన తీర్పునకు ఇటువంటి మాటలే పునాది.

తెలుగు నేలకే చెందిన మరొక కేసును చెప్పక ముందునకు పోలేము. పాత కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977 మే నెలలో ఒక తండ్రి, కొడుకు రిమాండులో ఉన్నారు. తమ ప్రాణమునకు ముప్పున్నదని, కాపలా కావలెనని ముందే మొరపెట్టుకొన్నారు. మే 5వ తేదీ రాత్రి తెల్లవారకముందే దుండగులు జైలులోనికి చొరబడి వారి గదిలో బాంబులు విసరినారు. తండ్రి మరణించినాడు; కొడుకు గాయములతో బయటపడినాడు. నష్టపరిహారము కోరగా, జైలు నడుపుట సార్వభౌమాధికారపు పని గనుక తన మీద దావా చెల్లదని ప్రభుత్వము వాదించినది. ఆ వాదము 2000 సంవత్సరమున సుప్రీంకోర్టులో వీగిపోయినది. చల్లా రామకృష్ణారెడ్డి కేసు అని న్యాయవాదులు చెప్పుకొనునది ఇదియే. ప్రాణహక్కు ముందు రాజరికపు రక్షణ నిలువదని, చెరలో పెట్టినవాడు చెరలోని మనిషి ప్రాణమునకు జవాబుదారి యని అందులో తేలినది. సంఘటనకు, తుది తీర్పునకు నడుమ 23 ఏండ్లు.

ఆ పాత కర్నూలు జిల్లాలోనే ఎర్రగుడి ఉన్నది. అక్కడి బండలపై అశోకుని పదునాలుగు శిలాశాసనములు చెక్కియున్నవి. వానిలో అయిదవది ధర్మమహామాత్రులను నియమించిన శాసనము. వారికి అప్పగించిన పనులలో బందీల సంక్షేమమును చూచుట, వారి సంకెళ్లు విప్పించుట, సంసారభారము గలవారిని, వృద్ధులను విడిపించుటకు పాటుపడుట చేరియున్నవి. అనగా రెండువేల రెండువందల ఏండ్ల క్రిందట తెలుగు నేల మీద, ఖైదీకి తోడుపడుటయే ఉద్యోగముగా ఒక అధికారి ఉండవలెనని రాతిపై వ్రాయించినారు. కళింగములోని ధౌళి, జౌగడ శాసనములు ఇంకను సూటిగా ఉన్నవి. కారణములేకయే మనుషులు చెరపాలగుచున్నారని, దానివలన మరెందరో దుఃఖించుచున్నారని అశోకుడు నగర న్యాయాధికారులను హెచ్చరించినాడు. అసూయ, కోపము, తొందరపాటు, సోమరితనము న్యాయాధికారికి తగవన్నాడు. కోపము, తొందరపాటు సరే; సోమరితనమును ఆ వరుసలో చేర్చినందుకు ఆ చక్రవర్తికి మా ప్రత్యేక నమస్కారము. మన ఖైదీలలో అధికసంఖ్యాకులు ఎవరి క్రౌర్యమువలననో కాదు, కాగితము కదలకపోవుటవలన లోపల ఉన్నారు.

అంగులిమాలుని కథ మన సభలలో తరచు వినబడును గనుక దానిని మరల చెప్పబోము. ఒక్క తేడా మాత్రము గమనింపుడు. అంగులిమాలుడు నేరము చేసినవాడు, తానే ఒప్పుకొన్నవాడు. మన జైళ్లలోనివారు అట్లు కాదు. జాతీయ నేరగణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022 చివరకు దేశములో 5,73,220 మంది ఖైదీలుండగా, వారిలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారు. నూటికి దాదాపు 76 మంది. చట్టము దృష్టిలో వీరందరు నిర్దోషులు. నేరస్థుని క్షమించుట గొప్ప ధర్మమే; కాని నేరము రుజువు కానివానిపట్ల మనకున్నది క్షమాధర్మము కాదు, న్యాయఋణము.

ఇక మన ఊరి సంగతి. 2007 మే 14న డాక్టర్ వినాయక్ సేన్‌ను బిలాస్‌పూర్‌లో నిర్బంధించి రాయపూర్ సెంట్రల్ జైలులో ఉంచినారు. ఆయన పౌరహక్కుల ప్రజాసంఘమునకు అఖిలభారత ఉపాధ్యక్షుడు, పిల్లల వైద్యుడు. జైలులో ఉన్న మావోయిస్టు నాయకుడు నారాయణ్ సన్యాల్‌ను పలుమార్లు కలిసి ఉత్తరములు బయటకు చేరవేసినాడన్నది ఆయనపై మోపిన అభియోగము. ఆ కలయికలు జైలు అధికారుల అనుమతితోనే జరిగినవి. రెండేండ్ల తరువాత, 2009 మే 25న, సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చినది. 2010 డిసెంబరు 24న రాయపూర్ సెషన్సు కోర్టు రాజద్రోహమునకు యావజ్జీవ శిక్ష వేసినది. 2011 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు శిక్షను నిలిపి మరల బెయిలు ఇచ్చినది. ఒక సిద్ధాంతముపై సానుభూతి ఉన్నంతమాత్రమున రాజద్రోహము కాదన్న అభిప్రాయమును న్యాయమూర్తులు వెలిబుచ్చినారు.

రాయపూర్‌లో ఆ శిక్ష పడిన ఆరు దినములకు, 2010 డిసెంబరు 30న, హైదరాబాదులో కె.జి. కన్నబిరాన్ కన్నుమూసినారు. చాలకాలము ఆయన అదే పౌరహక్కుల సంఘమునకు జాతీయాధ్యక్షులు. తెలుగు దేశములో ఎన్‌కౌంటర్లపై, నిర్బంధములపై న్యాయస్థానములలో నిలిచి వాదించుటకే జీవితమును వెచ్చించిన వకీలు. ఖైదీ తరఫున మాట్లాడువాడు ఖైదీతో ఏకీభవించినట్లు లోకము భావించునని, అయినను మాట్లాడవలసినదేనని ఆయన జీవితము చూపినది. ఈ విషయములో మన ఉపాసకులకు కూడ ఒక భయమున్నది. జైలు వాకిటకు పోయిన ఎవరి పేరు ఎక్కడ వ్రాసుకొందురో యన్న భయము. అది లేనిదని మేము బుకాయింపము. డాక్టర్ సేన్ కథ తరువాత ఈ ఊరిలో అది సహజమైన భయమే.

బస్తరు మాట చెప్పుదము. 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద జరిగిన దాడిలో 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవానులు మరణించినారు. ఆ కేసులో చుట్టుపక్కల గ్రామముల ఆదివాసులను నిర్బంధించినారు. అయిదేండ్లకు పైగా గడచిన తరువాత, 2022 జూలై 15న, దంతెవాడలోని ప్రత్యేక న్యాయస్థానము 121 మందిని నిర్దోషులుగా విడుదల చేసినది. వారిపై మోపినది చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టము. అందులో బెయిలు దొరకుట ఎంత దుర్లభమో తెలిసినదే. విడుదలైన దినమున వారికి దక్కినది ఇంటిదారి మాత్రమే. పోయిన అయిదు వ్యవసాయ ఋతువులకు, తండ్రి ముఖము మరచిన పిల్లలకు లెక్క ఎవరును కట్టలేదు. ఇంకొక సంగతి కూడ ఉన్నది. ఆ మరణించిన 25 మంది జవానుల తల్లులకు సైతము ఈ కేసులో న్యాయము దొరకలేదు. వారి బిడ్డలను చంపినదెవరో అయిదేండ్ల ఈ విచారణ తేల్చలేకపోయినది. ఖైదీల హక్కులను గూర్చి మాట్లాడుట చనిపోయినవారిని మరచుట యని కొందరందురు. అమాయకుని చెరలో పెట్టుట వలన చనిపోయినవానికి ఏమి ఒరిగినదో వారే చెప్పవలెను.

సోనీ సోరీ అను ఆదివాసీ ఉపాధ్యాయిని కథ కూడ మీకు తెలిసినదే. 2011లో నిర్బంధింపబడి, పోలీసు నిర్బంధములో తనను హింసించినారని ఆమె ఆరోపించినారు. కోల్‌కతా వైద్యులు ఆమె దేహములో రాళ్లు దొరకినవని సుప్రీంకోర్టుకు నివేదించినారు. ఆమెపై మోపిన ఆ కేసు 2022లో కొట్టుడుపోయినది. చిత్రహింసకు వ్యతిరేకమైన అంతర్జాతీయ ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసినది. ఆమోదము మాత్రము నేటికిని తెలుపలేదు.

ఇక్కడ బాబాసాహెబ్‌ను తలచుట అవసరము. 21వ అధికరణమునుండి ‘న్యాయప్రక్రియ’ అను రక్షణను రాజ్యాంగసభ తొలగించినప్పుడు ఆయన ఊరకుండలేదు. 1949 సెప్టెంబరులో మరొక అధికరణమును ప్రతిపాదించినారు. అదియే నేటి 22వ అధికరణము. నిర్బంధించిన 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచవలెను; కారణము చెప్పవలెను; తనకు నచ్చిన వకీలును సంప్రదించు హక్కు ఉండవలెను. పోయినదానికి పూర్తి బదులు కాదని ఎరిగియే, దొరకినంత రక్షణను రాబట్టినారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు దానికి మరికొన్ని చేర్చినది: అరెస్టు పత్రము వ్రాయవలెను, దానిపై సాక్షి సంతకముండవలెను, బంధువునకు తెలుపవలెను, నిర్బంధములో ఉన్నంతకాలము 48 గంటలకొకసారి వైద్యపరీక్ష జరుపవలెను. ఈ నాలుగు మాటలు ప్రతి విహారపు గోడపై హిందీలో, తెలుగులో, గోండీలో వ్రాసి ఉంచుట పంచశీలములను వ్రాసి ఉంచుటకు తీసిపోదని మా అభిప్రాయము.

బెయిలు సంగతికి వచ్చినచో, 1978లో మోతీరామ్ అను మేస్త్రీ కేసు మన పాత మధ్యప్రదేశ్‌దే. మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు జామీను అడిగినారు. సోదరుడు ముందుకు రాగా, ఆస్తి మరొక జిల్లాలో ఉన్నదని నిరాకరించినారు. సుప్రీంకోర్టు 1,000 రూపాయల సొంత బాండుపై విడువుమన్నది. దక్షిణాదివాడొకడు బస్తరులో అరెస్టయినచో అక్కడ ఆస్తిగల జామీనుదారును ఎక్కడనుండి తేగలడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగినారు. బస్తరు పేరే ఆయనకు తోచుట మాకు ఆశ్చర్యమనిపించును. నేడు ఆ ప్రశ్న తిరుగబడినది: బస్తరువాడు రాయపూర్‌లో జామీను ఎక్కడనుండి తెచ్చును?

చట్టములో మార్గములు లేకపోలేదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 479వ విభాగము ప్రకారము, మొదటిసారి నేరారోపణకు గురియైనవాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము విచారణఖైదీగా గడిపినచో బాండుపై విడువవలెను; ఇతరులను సగము కాలమునకు విడువవలెను. మరణశిక్షకో యావజ్జీవమునకో తగిన నేరములకు, ఒకటికంటె ఎక్కువ కేసులున్నవారికి ఇది వర్తింపదు. ఆ మినహాయింపులోనే బస్తరు సగము మిగిలిపోవుచున్నది. చెరలో ఉన్న ఎవరికైనను, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయము పొందు హక్కును 1987 నాటి న్యాయసేవాధికారసంస్థల చట్టము ఇచ్చుచున్నది. 15100 అను నంబరుకు ఫోను చేసిన చాలును. కాని ఫోనులో మాట్లాడు భాష ఏది?

ఈ భాష మాటతో మేము చూచిన ఒక సంగతి చెప్పవలెను. ఒక కారాగారము వాకిట, ములాకాత్ వేళ ముగిసిన తరువాత, ఒక వృద్ధురాలు గోడ నీడన కూర్చుని ఉన్నది. కోంట వైపునుండి రాత్రంతా బస్సులలో వచ్చినది. కావలివాని హిందీ ఆమెకు తెలియదు. ఆమె దోర్లీ అతనికి తెలియదు. మేము తెలుగులో మాట్లాడుకొనుట విని లేచి వచ్చి, “మా పిలగాడు ఈడనే ఉన్నాడంట, నిజమేనా బాబూ?” అని అడిగినది. ఆమె కుమారుడు అక్కడ ఉన్నాడో లేడో ఆమెకు ఎవరును చెప్పలేదు. ఆధార్ కార్డులోని పేరు, జైలు పుస్తకములోని పేరు వేరువేరుగా ఉన్నవి. పేరు సరిచూచి, ఉన్నాడని తెలుసుకొని, మరునాటి ములాకాత్‌కు చీటీ వ్రాయించుటకు మాకు పట్టినది ముప్పావుగంట. ఆమె ఆ ఊరిలో పడుకొనుటకు చోటు వెతకుటకు అంతకంటె ఎక్కువసేపు పట్టినది. కొడుకుపై పెట్టిన కేసేమిటో ఆమెకు ఆ దినమునకును తెలియదు.

మనలో చాలమందికి జైలు సేవ యనగానే విపశ్యన జ్ఞాపకము వచ్చును. 1975లో జయపూర్ సెంట్రల్ జైలులో గోయెంకా గురువర్యులు శిబిరము నడిపినప్పుడు, సంకెళ్లతో ఉన్న ఖైదీలకు ధర్మము చెప్పనని పట్టుబట్టి ముందు సంకెళ్లు తీయించినారు. 1994లో తీహారులో వేయిమందికి పైగా ఖైదీలు ఒకేసారి సాధన చేసినారు. ఇవి మనము గర్వింపదగినవి. అయితే సంకెళ్లు ముందు, సాధన తరువాత అన్న ఆ వరుసను మరువరాదు. విచారణ జరుగక ఏడేండ్లుగా కూర్చున్నవానికి సమత్వము బోధించి తిరిగివచ్చుట మాకు సరిపడదు. సమత్వము మొదట మనకు కావలెను. అతనికి కావలసినది వకీలు.

పండుగనాడు నాగపూర్ దీక్షాభూమిని తలపని వారు లేరు. అదే నగరపు సెంట్రల్ జైలులో అండాసెల్లు అను ఏకాంతపు కొట్టులో మన అమలాపురమువాడు, ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జి.ఎన్. సాయిబాబా, చక్రముల కుర్చీ లేక కదలలేని మనిషి, ఏండ్లు గడిపినాడు. 2020లో తల్లి మరణించినప్పుడు కడచూపునకు పెరోలు దొరకలేదు. 2022లో సరిగ్గా అక్టోబరు 14న హైకోర్టు ఆయనను విడువుమన్నది. మరునాడే సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినది. 2024 మార్చి 5న మరల నిర్దోషి యని తేలినది. అదే ఏడు అక్టోబరు 12న హైదరాబాదులో మరణించినాడు. ఆయన సహనిందితుడైన ఒక ఆదివాసీ యువకుడు తాను నిర్దోషినని వినకయే 2022లో ఖైదీగా ఉండగానే మరణించినాడు. నాగార్జునుని జాబితాలోని మందు వీరికి వేళకు అందినదా యన్నది మేము అడుగు ప్రశ్న. వారి రాజకీయములతో మనకు ఏకీభావము అక్కరలేదు.

మన సంఘము ఈ సంవత్సరము చేయగలిగినది చిన్నదే. తెలుగు, దోర్లీ, కోయ, గోండీ, హల్బీలలో ఏదైనను హిందీతో కలిపి వచ్చినవారు నెలకు రెండు దినములు ఇచ్చినచో, వారిని న్యాయసేవాధికారసంస్థ వకీళ్లకు దుబాసీలుగా అప్పగింపవచ్చును. రాయపూర్‌లో సొంత ఇల్లుండి, అపరిచితునికి జామీను నిలుచుటకు ధైర్యము చాలువారు కావలెను; ముందుగా వకీలుతో మాట్లాడి, కేసు చూచి, ఇంటిలోనివారిని ఒప్పించి మాత్రమే రండు. దూరమునుండి వచ్చిన తల్లులు ఒక రాత్రి తలదాచుకొనుటకు విహారపు వెనుకగది ఇచ్చుటకు భంతే గారు అంగీకరించినారు. దుప్పట్లు ఆరు ఉన్నవి, ఇంక నాలుగు కావలెను. పేర్లు వ్రాసుకొను పుస్తకము భోజనశాల వాకిటనున్న బల్లపై ఉంచినాము.